ముసలితనమందును ఫలమిచ్చు చెట్టు

చదువవలసిన భాగము: కీర్తనలు 92:12–15



“నా ఉద్యోగము ముగిసినది, పింఛను వచ్చుచున్నది, ఇక సంఘపు పనులు చిన్నవారే చూచుకొందురు” అని మన పెద్దలు కొందరు చెప్పుట వినుచుందుము. అయితే దేవుని మందిరములో నాటబడిన చెట్టు ముదిసినను ఎండదని కీర్తనకారుడు చెప్పుచున్నాడు. ఇందుకు సాక్షిగా మన గోదావరి ప్రజలెరిగిన ఒక సైనికుని జ్ఞాపకము చేసికొందము.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో జన్మించెను. 1819లో సైన్యమున చేరి, 1821లో మద్రాసు వచ్చెను. బర్మా యుద్ధమునకును వెళ్లెను. యౌవనముననే ప్రభువునందు విశ్వాసముంచెను. యుద్ధమునకు వెళ్లిన ఆ సైనికునికి దేవుడు నీళ్లు మళ్లించు పని అప్పగించెను. 1832–33లో నందన కరవు మన సీమను పాడుచేసినది. గోదావరి నీరు సముద్రముపాలగుచుండగా ప్రజలు ఆకలిచే మరణించిరి. కాటన్ 1847లో ధవళేశ్వరమునొద్ద ఆనకట్ట పని ఆరంభింపగా 1852లో అది ముగిసెను. 1876–78 మహాకరవులో మద్రాసు రాజధాని అల్లాడినప్పుడు ఈ డెల్టా పొలములు పండినవి. ఆ రాళ్లు మోసిన వేలాది కూలీల పేర్లు మన మెరుగము, దేవుడెరుగును.

1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చెను. తరువాత జనరల్ హోదాయు కలిగెను. స్వదేశమున సుఖముగా కూర్చుండవచ్చును గదా! అట్లు కూర్చుండలేదు. 1878లో, 75 ఏండ్ల వయసున, పార్లమెంటు కమిటీ యెదుట నిలిచి, ఇండియాకు రైళ్లకంటె కాలువలు ముఖ్యమని వాదించెను. అనేకులు ఆయన మాట త్రోసివేసిరి. ఆయన మానలేదు. డార్కింగ్ అను ఊరిలో తన తోటను లోతుగా త్రవ్వించి, కొద్ది నేలలో ఎక్కువ గోధుమ పండించు మార్గము వెదకుచుండెను. 1899లో, 96 ఏండ్ల వయసున, ప్రభువునందు నిద్రించెను.

ఆయన కాలువ నీరు క్రైస్తవుని చేనికి మాత్రమే పారలేదు. నీతిమంతులమీదను అనీతిమంతులమీదను వర్షము కురిపించు తండ్రివలె అందరి పొలములను తడిపినది. అందుచేతనే అన్ని మతములవారును ఆయనను తలంచుకొందురు. ధవళేశ్వరపు బ్యారేజి నేడు ఆయన పేరనే యున్నది.

పెద్దలారా, మీకు నది కట్టుశక్తి లేకపోవచ్చును. చదువు చెప్పి మానిన పంతులుగారూ, కూలివాని బిడ్డకు అక్షరములు నేర్పలేరా? పింఛను పుచ్చుకొను సైనికుడా, త్రాగుడులో పడుచున్న పడుచువాని చేయి పట్టుకొనలేవా? చూపు మందగించిన అవ్వా, మంచముమీదనుండియే సంఘముకొరకు ప్రార్థింపలేవా? ఉద్యోగమునకు విరమణ గలదు; ప్రేమకు లేదు.

ప్రార్థన: ప్రభువా, మా కడవరి దినములు ఎండిన కాలువలు కాకుండ, ఇతరుల పొలములకు నీరందించునట్లు చేయుము. ఆమేన్.