పరాన్నజీవి ఎవరు?

పరాన్నజీవి అంటే పరుల అన్నం తిని బతికేది. తలలో పేను, కడుపులో నులిపురుగు మనందరికీ తెలుసు. చీమల్లోనూ పరాన్నజీవులు ఉన్నాయని చాలామందికి తెలియదు.

చీమలు ఒకదాన్నొకటి వాసనతో గుర్తుపడతాయి. తమ గూటి వాసన ఉంటే తమది, లేకుంటే పరాయిది. కొన్ని జాతుల్లో రాణిచీమ ఆ వాసనను తన ఒంటికి పట్టించుకుని వేరే జాతి గూట్లోకి దూరుతుంది. అక్కడి రాణిని చంపి తాను గుడ్లు పెడుతుంది. ఆ గూటి పనిచీమలు మోసం తెలియక పరాయి పిల్లల్ని సాకుతాయి.

ఇది చదివితే ‘పరాయి గూట్లో ఉండేవాళ్ళంతా ఇంతే’ అనిపించవచ్చు. మన జిల్లాలో తెలుగు మాట్లాడితే “మీరు వేరే ఊరివాళ్ళా?” అని అడిగేవాళ్ళు ఉన్నారు. కానీ తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆ రోజు ఇక్కడివాళ్ళు ఇల్లు మారలేదు, సరిహద్దే మారింది. మరి ఎవరు ఎవరి గూట్లో ఉన్నట్టు?

దీనికి జవాబు చీమల్లోనే దొరుకుతుంది. ఐరోపాలో అమెజాన్ చీమలు అనే జాతి ఉంది. ఇవి పక్క గూళ్ళ మీద దాడి చేసి ప్యూపాలను ఎత్తుకొస్తాయి. వాటిలోంచి వచ్చిన చీమలు బతికినంత కాలం వీటికి చాకిరీ చేస్తాయి. స్విట్జర్లండు శాస్త్రవేత్త పియేర్ హ్యూబర్ 30 అమెజాన్ చీమలను తిండితో సహా విడిగా ఉంచి చూశాడు. ఎదురుగా తిండి ఉన్నా తినలేక చాలా చీమలు చచ్చిపోయాయి. అప్పుడు ఒకే ఒక పనిచీమను లోపలికి వదిలాడు. అది మిగిలినవాటికి తినిపించి బతికించింది. డార్విన్ కూడా 1859లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతి చెప్పాడు.

ఆ గూట్లో పరాయిది పనిచీమ. పరాన్నజీవి మాత్రం ఇంటి యజమాని! మన మాటలోనే ఈ తేడా ఉంది. పరాన్నం అన్నారే కానీ పరాయి ఇల్లు అనలేదు. ఎక్కడ ఉంటున్నాం అన్నది కాదు, ఎవరి కష్టం తింటున్నాం అన్నదే ప్రశ్న.

తిరువళ్ళూరు చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిశా నుండి వచ్చిన కుటుంబాలు పనిచేస్తాయి. వాళ్ళ భాష మనకు రాదు. వాళ్ళు చేసిన ఇటుకలతో కట్టిన ఇళ్ళలో మనం ఉంటాం. వాళ్ళకు కూలి తగ్గించి ఇచ్చి, పైగా ‘బయటివాళ్ళు’ అంటే పరాన్నజీవులు ఎవరు? మనల్ని పరాయివాళ్ళంటే బాధపడే మనం ఆ మాట ఇంకొకరిని అనకూడదు.

అయితే చంటిపిల్లలు, ముసలివాళ్ళు, జబ్బుపడినవాళ్ళు కూడా పరుల కష్టంతోనే బతుకుతారు కదా అని అడగవచ్చు. వాళ్ళకు పెట్టేవాళ్ళు తెలిసి, ఇష్టంతో పెడతారు. అందులో మోసం లేదు, బలవంతం లేదు. మాలాంటి విద్యార్థులం ఇప్పుడు తినేది అమ్మానాన్నల కష్టమే. దాన్ని అప్పు అనుకుని రేపు తీర్చాలి. తిన్న కంచం కడగడం మాత్రం ఇవాళే మొదలుపెట్టవచ్చు.

అమెజాన్ చీమను తిట్టి లాభం లేదు. దాని పుట్టుకే అంత, వేరే దారి లేదు. మనిషికి దారి ఉంది. అందుకే ఈ ప్రశ్న చీమను అడగలేం, మనల్ని మనమే అడుక్కోవాలి.