ఎవరి పాపమని అడగవద్దు



ఆదివారం దివ్యపూజలో ఒక బిడ్డ కుదురుగా కూర్చోడు. బెంచీల కింద దూరుతాడు, పీఠం వైపు పరుగెడతాడు. అందరూ తల్లి వైపు చూస్తారు. "పెంపకం సరిగా లేదు" అన్నది ఆ చూపులకు అర్థం. ఇంటికి వెళ్ళాక ఆమె బిడ్డను కొట్టి, తరువాత తానే ఏడ్చిన సంగతి మనకు తెలియదు.

ఇలాంటి పిల్లల్లో కొందరిది ఒట్టి అల్లరి కాదు, ఏడీహెచ్‌డీ అనే సమస్య. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇటువంటి పిల్లలను గూర్చి ప్రసంగిస్తూ, దీనిని నైతికమైన అదుపు లేకపోవడంగా వర్ణించాడు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినదనీ, చాలావరకు వంశపారంపర్యమనీ నేటి వైద్యం చెబుతోంది. మన చూపు మాత్రం ఇంకా 1902లోనే ఉంది.

మరి తల్లిదండ్రుల మనస్థితికి దీనితో సంబంధం లేదా? ఉంది. అది విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్టుంటుంది. 1979లో బార్క్‌లీ, కన్నింగ్‌హామ్ అనే పరిశోధకులు ఇటువంటి పిల్లలకు మందు ఇచ్చి చూశారు. బిడ్డ మాట వినడం మొదలుపెట్టగానే తల్లి గద్దింపులు తగ్గాయి. 2006లో అమెరికాలో వెలువడిన మరో పరిశోధన కుంగుబాటుకు చికిత్స పొందిన తల్లులను గూర్చినది. అది ఏడీహెచ్‌డీ ఒక్కదానికే పరిమితం కాదు. మూడు నెలల్లో కోలుకున్న తల్లుల పిల్లల్లో మానసిక, ప్రవర్తన సమస్యలు తగ్గాయి. కోలుకోని తల్లుల పిల్లల్లో పెరిగాయి.

కనుక, "బిడ్డే ఇలా ఉంటే నాకు డాక్టరు దేనికి? అది స్వార్థం కాదా?" అని వెనుకాడే తల్లీ, తండ్రీ, ఒక్క మాట వినండి. మీ నిద్రలేమికి, దిగులుకు వైద్యం చేయించుకోవడం బిడ్డకు చేసే సేవలో భాగమే. టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు చెల్లించనక్కరలేదు.

పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగారు. అతనిది కాదు, తల్లిదండ్రులదీ కాదు అన్నారు ప్రభువు. అయితే తప్పు లేదంటే బాధ్యత లేదని కాదు. బిడ్డకు ఆ స్వభావం రావడం మీ చేతిలో లేదు. ఎత్తిన చేయి దించడం, సాయం అడగడం మీ చేతిలోనే ఉన్నాయి.

ఇక మిగిలిన మనకూ ఒక పని ఉంది. వచ్చే ఆదివారం ఆ తల్లి గుడికి వస్తే, వెనక్కి తిరిగి చూడకుండా కాస్త జరిగి చోటివ్వండి. పూజ ముగిసేదాకా ఆ బిడ్డను కాసేపు మీరూ ఎత్తుకోండి.