తప్పు ఎవరి ఖాతాలో పడాలి?

ఒంగోలు చుట్టుపక్కల బతుకులు తూకం మీద ఆధారపడి ఉంటాయి. పొగాకు బేళ్లయినా, మిర్చి బస్తాలైనా, చీమకుర్తి గ్రానైట్ లారీలైనా కాటా ఎక్కాల్సిందే. ఇప్పుడు కాటా గదిలో కంప్యూటర్ ఉంటుంది. బిల్లు కొడుతుండగా ప్రోగ్రాం హఠాత్తుగా మూతపడితే యజమాని నోట ముందు వచ్చే మాట, "ఏం నొక్కావురా?" ప్రోగ్రాం ఏం చేసిందని ఎందుకు అడగం?

యంత్రం పొరబడదన్న నమ్మకం మనది. ప్రోగ్రాం రాసేవాళ్లకు ఆ భ్రమ లేదు. ఎక్కడా పట్టుబడని లోపాన్ని ఆఖరి గడపలో పట్టుకునే ఏర్పాటు డాట్‌నెట్, జావా, పైథాన్ అనే మూడు ప్రోగ్రామింగ్ వేదికల్లోనూ ఉంది. ఎన్ని గంటలకు, ఏ వెర్షన్‌లో, ఏ ఫంక్షన్ దగ్గర పని తెగిందో లాగ్ ఫైల్ అనే చిట్టాలో రాయించవచ్చు. డాట్‌నెట్ తొలి వెర్షన్లు తెర వెనక పనుల్లో వచ్చిన కొన్ని లోపాలను చప్పుడు లేకుండా మింగేసేవి. 2005లో వచ్చిన 2.0 నుంచి అలాంటి లోపం వస్తే ప్రోగ్రాం ఆగిపోవడమే నియమమైంది. చెడిన లెక్కతో సాగడం కన్నా ఆగడమే మేలని ఆ మార్పు సారాంశం. మన సంస్థలకు అంత నిజాయితీ ఉందా?

ఆ నిజాయితీ లోపిస్తే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. అక్కడి పోస్టాఫీసుల్లో 1999లో ఫుజిత్సు కంపెనీ వారి హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థ వచ్చింది. అది చూపిన లోటును నమ్మి, పోస్టాఫీసులు నడిపేవారిని దొంగలన్నారు. 900 మందికి పైగా దోషులుగా తేలారు, కొందరు జైలుకెళ్లారు. లోటు పుట్టించగల లోపాలు ఆ వ్యవస్థలోనే ఉన్నాయని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. 2024లో ప్రత్యేక చట్టం చేసి శిక్షలు రద్దు చేశారు. అసలు విషాదం ఏమిటంటే, తెలిసిన లోపాల చిట్టా ఫుజిత్సు దగ్గర ఉంది. అవసరమైనప్పుడు అది నిందితుల చేతికి రాలేదు.

కాబట్టి రాసి ఉంచడం ఒక్కటే న్యాయం కాదు. ఆ రాత ఎవరికి అందుతుందన్నదే ప్రశ్న. నింద మోయాల్సినవాడికి అందని సాక్ష్యం ఉన్నా లేనట్టే. అలాగని రైతు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా ఆ రాతలోకి ఎక్కించే హక్కూ ఎవరికీ లేదు. లోపం వివరం చాలు, మనిషి వివరం అక్కర్లేదు.

కాటాకో కొట్టుకో సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ధరతోపాటు ఒక మాట అడగండి: లోపం వస్తే ఎక్కడ నమోదవుతుంది, కంప్యూటర్ ముందు కూర్చునే మా కుర్రాడు దాన్ని చూడగలడా? జవాబు చెప్పలేనివాళ్ల దగ్గర కొనకండి.