పెట్టె లోపలి కైంకర్యం

దేవుడి నామాన్ని ఊరంతటికీ వినిపించే యంత్రాన్ని తుడవడం పూజకు ముందు చేసే చాకిరీయా, పూజలో భాగమా? భద్రాచల రామదాసు పుట్టిన నేలకొండపల్లి లాంటి ఊరు ఈ ప్రశ్న వేసుకోవాలి. శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు ఇప్పుడు తప్పనిసరి. అందులో బరువంతా మోసేది యాంప్లిఫయర్. అది తీసుకునే కరెంటులో చాలా భాగం వేడి అవుతుంది. ఆ వేడిని అల్యూమినియం రెక్కలు గుంజుకుంటే ఫ్యాను గాలి బయటికి తోస్తుంది. కానీ ఫ్యాను గాలితోపాటు పందిట్లో ఉన్నవన్నీ లాగుతుంది: వీధి దుమ్ము, పసుపు కుంకుమల పొడి, అగరుబత్తి పొగ, హారతి కర్పూరం మసి. పొగలోని జిడ్డు రెక్కలకు పట్టి, దానిమీద దుమ్ము అట్టకడుతుంది. వేడి బయటికి పోదు. అప్పుడు రక్షణ సర్క్యూట్ కీర్తనను మధ్యలోనే ఆపేస్తుంది. అదీ పనిచేయకపోతే ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. మన పూజే ఆ పెట్టెకు మురికి పట్టిస్తోందన్నమాట. దసరాకు ఆయుధపూజ చేసి దానికే బొట్టు పెడతాం, మూత మాత్రం విప్పం. బొట్టు పెట్టేటప్పటి శ్రద్ధ పెట్టె లోపలికీ వెళ్లాలనీ, ఆ తుడుపు కూడా కైంకర్యమేననీ నా వాదన.

ఇది కొత్త మాటేమీ కాదు. తిరుమలలో ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశికి ముందు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. మూలమూర్తిని వస్త్రంతో కప్పి, గోడలూ పైకప్పూ పూజాసామగ్రీ కడిగి సుగంధలేపనం పూస్తారు. అక్కడ కడగడమే పేరున్న సేవ. నేలకొండపల్లి దగ్గరే ప్రాచీన బౌద్ధస్తూపం ఉంది. ఆ బౌద్ధుల కథల్లోని చుళ్లపంథకుడికి నాలుగు నెలలు చదివినా ఒక్క గాథ నోటికి రాలేదు. బుద్ధుడు తెల్లని గుడ్డ చేతికిచ్చి, దుమ్ము తొలగుతోందని అనుకుంటూ రుద్దమన్నాడు. ఆ గుడ్డ మాసిపోవడం చూస్తూనే అతనికి అనిత్యత బోధపడింది.

గోల్కొండ చెరలో రామదాసుకు మైకు ఉందా అని ఎవరైనా అడగవచ్చు. లేదు, భక్తికి అది అక్కర్లేదు కూడా. కానీ ఆయన భక్తి పాటతోనే ఆగలేదు. భద్రాచలంలో గుడి కట్టించాడు, స్వామికి నగలు చేయించాడు. సేవకని ఒక వస్తువును తెచ్చుకున్నాక దాని బాగోగులు కూడా మనవే. కూలి తీసుకుని మెకానిక్ చేసే పని సేవ ఎలా అవుతుందన్నది ఇంతకంటే గట్టి ఆక్షేపణ. సంభావన తీసుకున్నంత మాత్రాన అర్చకుడి పూజ పూజ కాకుండా పోతుందా? అలాగైతే ప్రతి పనీ పూజేనా అంటే, కాదంటాను. పరధ్యానంగా చేసింది కాదు. ఈ పనికి ఏకాగ్రత తప్పదు. ప్లగ్గు తీసి, కెపాసిటర్లలో నిలిచిన కరెంటు దిగేదాకా ఆగాలి. ఫ్యాను రెక్కను కదలకుండా పట్టుకునే బ్లోయర్ కొట్టాలి. వదిలేస్తే అది మితిమీరి తిరిగి బేరింగ్ చెడుతుంది. జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి బ్రష్షుతో తీయాలి, నీళ్లు తగలనివ్వకూడదు.

భజన మండళ్ల పెద్దలకు నా మనవి: వచ్చే నవమికి పందిరి రాట పాతకముందే, పని తెలిసినవారి చేత ఆ పెట్టె మూత విప్పించండి, మీరూ పక్కన కూర్చోండి.