రోజూ నడచు దారి

ఈ చలికాలపు వేకువను మీరు నడచు దారి ఏది? పొలమునకో, పాలకేంద్రమునకో, లేక ఒంటికి మంచిదని వైద్యుడు చెప్పినందుకో, ఏదో ఒక దారిని పోవుచునే యుందురు. అక్కడ ఏమేమి కనబడినవని ఎవరైన అడిగిన, "ఏమున్నవి, రోజూ ఉండునవే" అని బదులు చెప్పుదురు. ఆ మాటనే నేడు కొంచెము విచారింతము. రోజూ ఉండుదానిని చూడక దాటిపోవుట తప్పగునా?

కృష్ణా డెల్టాలోని ఒక కాలువగట్టును తలంచుకొనుడి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటనుండి ఆ నీరు ఎన్ని తరములకో తెలిసిన నీరు. ఆనకట్ట పోయి 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినను, గట్టుమీది నడక మారలేదు. వరి కోసిన చేలు బోసిగా నుండవలెను గదా! అయినను చాలచోట్ల పచ్చగా నుండును. కోతకు కొన్ని దినములు ముందే, నిలిచియున్న వరిలో మినుములు చల్లియుందురు. ఆ లేతమొలక కొడవలి క్రింద తలవంచుకొని బ్రతికి, నేలలో మిగిలిన పదునుతోను, రాత్రి కురిసిన మంచుతోను కాయ పట్టును. విత్తనము చల్లిన రైతుకు ఈ సంగతి క్రొత్త కాదు. కాని ఆయన సహితము దానిని చూచి ఎన్నాళ్లయినదో!

ప్రొద్దు సంగతి చూడుడి. డిసెంబరు 21, 22 తేదీలతో పగలు పెరుగునని బడిలో నేర్చితిమి. అది నిజమే. అయినను మన సీమలో సూర్యోదయము జనవరి నడిమి దాటువరకు ఇంకను ఆలస్యమగుచునే యుండును. పెరిగిన పగలు సాయంకాలమున చేరును. సంక్రాంతి వచ్చినను వేకువ చీకటి తగ్గలేదేమని అడుగువాడు, దినదినము ఒకే వేళకు గడప దాటువాడే. అట్లే, తోక ఆడించుచు గట్టుమీద పరుగిడు ఆ చిన్నపిట్ట ఉత్తరదేశమునుండి చలికి వచ్చినది. ఎండలు ముదురకముందే వెళ్లిపోవును. వచ్చినప్పుడు పిల్లలు చూపింతురు. వెళ్లిన దినమును ఎరిగినవారెవరు?

అలవాటును నేను నిందింపను. ప్రతి మంచుబొట్టునకు నిలిచి ఆశ్చర్యపడువాడు చేను చేరడు, గేదెకు మేత వేయడు. చీకటిలో పాదములకు దారి తెలియుట గొప్ప మేలు. అయితే పాదములకు దారి తెలిసినది కన్నులు మూసికొనుటకా? పొరుగూరినుండి వచ్చినవాడు మన దారిలోని అందమంతయు ఒక్క చూపులో చూడగలడు. కాని ఒకటి మాత్రము అతనికి కనబడదు. నిన్నటివరకు ఉండి నేడు లేనిది అతనికెట్లు తెలియును? అది మీకే తెలియును.

మలుపులో ఒక ముసలమ్మ ఇల్లున్నదనుకొనుడి. కొడుకులు హైదరాబాదులోనో, గల్ఫులోనో యున్నారు. ఆమె వాకిలి తెల్లవారకముందే ఊడ్చియుండును, పొయ్యిపొగ లేచుచుండును. చీపురు చప్పుడు మీరు ఎన్నడును చెవిపెట్టి వినలేదు. ఒకనాడు ఏడుగంటలైనను నిన్నటి ఆకులు వాకిట అట్లే యున్నవి. కొత్తవాడు ఆ ఆకులను త్రొక్కి పోయిన, అతని తప్పేమియు లేదు. మీరు పోయిన?

"ఊరివారి గుట్టు మనకెందుకు?" అందురేమో. నిజమే, మన పల్లెలలో చూచు కన్నులకు కొదువలేదు. ఎవరింటికి ఎవరు వచ్చిరో, ఎవరి చీర క్రొత్తదో, మధ్యాహ్నమునకు ఊరంతయు తెలియును. అట్టి చూపు నాకును ఇష్టము లేదు. చూచిన సంగతిని పక్కింటికి మోయువాడొకడు, చూచిన గుమ్మమునకే నడచువాడొకడు. ఇద్దరి కన్నులు ఒకటే, కాళ్లు పోవు దిక్కు వేరు. ఒకవేళ ఆమె జలుబుచేసి పడుకొనియుండవచ్చును, మనుమరాలి యింటికి వెళ్లియుండవచ్చును. అప్పుడు మీరు అడిగినందుకు కొంచెము సిగ్గుపడుదురు, అంతే. ఆ సిగ్గునకు వెరచి ఎన్ని గుమ్మములను దాటిపోవుచున్నామో!

పొగమంచు ఇంకను విడలేదు. పాలకేన్ చేతిలో బరువుగానే యున్నది, కేంద్రము మూయు వేళ దగ్గరపడినది. అయినను కేనును ఆ అరుగుమీద దించి, "పెద్దమ్మా, లేచితివా?" అని ఒక్కసారి పిలువుడి. బదులు రానియెడల రెండవసారి ఇంకొంచెము గట్టిగా పిలువుడి.