దీవానా చేతిలో కలం

మా ఇళ్లలో ఎవరైనా ఉన్నమాట మొహం మీద అనేస్తే పెద్దవాళ్లు 'వాడో దీవానా' అని నవ్వి వదిలేస్తారు. ఆ నవ్వులో కాస్త ముద్దు ఉంటుంది, కాస్త భయం కూడా ఉంటుంది.

దీవానాలందరికీ పెద్ద బహ్లూల్. ఎనిమిదో శతాబ్దం చివర హారూన్ అల్ రషీద్ ఏలిన బాగ్దాదు మనిషి. ఖాజీ పదవి తప్పించుకోడానికి కర్రను గుర్రం చేసుకుని వీధుల్లో స్వారీ చేశాడంటారు. ఓసారి ఖాళీగా ఉన్న ఖలీఫా గద్దె మీద కూర్చుంటే భటులు చావబాదారట. ఎందుకేడుస్తున్నావని హారూన్ అడిగితే, నీకోసమే అన్నాడట. ఒక్క క్షణం కూర్చున్న నాకే ఇన్ని దెబ్బలు పడితే ఏళ్ల తరబడి కూర్చున్న నీకెన్ని పడాలని!

నిద్రలో ఉన్నవాడు, పసివాడు, మతి లేనివాడు - ఈ ముగ్గురి మీది నుంచి కలం ఎత్తి ఉంటుందని హదీసు. పాపపుణ్యాల లెక్క రాసే కలమది. లెక్క లేదు గనక పిచ్చివాడు స్వేచ్ఛాజీవి. బహ్లూల్ ఆ స్వేచ్ఛను అరువు తెచ్చుకున్నాడు. మతి ఉండీ తెచ్చుకున్నాడు గనక పదవీ పరువూ వదిలి, వీపు అప్పగించి అప్పు తీర్చాడు.

మాకూ పిచ్చివాడి వేషం ఉంది. మేం వేసుకున్నది కాదు, తగిలించింది. తెలుగు సినిమాలో సాయిబు నోరు తెరిస్తే చాలు, హాలు నవ్వాలి. మా వంకర తెలుగు నవ్వులాట, మా గడ్డం నవ్వులాట. బహ్లూల్ గద్దెను చూసి నవ్వాడు. ఇక్కడ గద్దె మమ్మల్ని చూసి నవ్వుతోంది.

ఆ వేషం విప్పి రాయడం మొదలుపెట్టాం. జోడేకీ రకం గురించి రాద్దామంటే, దూదేకుల వాళ్లని తక్కువగా చూసే మా ఖాన్‌దానీ గర్వం గురించి రాద్దామంటే ఇంట్లోవాళ్లు 'ఇప్పుడెందుకు, బయటివాళ్లు వింటారు' అంటారు. 1992 డిసెంబరు 6 చూసినవాళ్ల భయం ఉత్తది కాదు. బయటివాళ్లు నిజంగానే వింటారు. 'చూశారా, వాళ్లే ఒప్పుకున్నారు' అని చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లకు మరిగి ఇంటిగుట్టు అమ్ముకునే దీవానాలూ మాలో ఉన్నారు.

అలాగని నోరు మూసుకుంటే? రకం కుదరక పెళ్లి ఆగిన చెల్లెలికి మా మౌనం ఏం బాధ్యత తీర్చింది?

అందుకే మేం ఒక్కటే అడుగుతాం: ఈ మాటకు దెబ్బ ఎవరి వీపు మీద పడుతుంది? బండి తోసుకునే భాయీ మీద, బురఖాలో బడికెళ్లే పిల్ల మీద పడేటట్టయితే అది మా స్వేచ్ఛ కాదు, వాళ్ల మెడ మీద మా సరదా. గద్దె ఎక్కినవాణ్ణి అంటే, ఆ గద్దె సర్కారుదైనా సరే, మసీదు కమిటీదైనా సరే, దెబ్బ మాకే తగలనీ. ముందు మా అరుగు మీదే, మా పేరుతోనే అంటాం.

దీవానా మీది నుంచి కలం ఎత్తేశారు. మేం ఆ కలాన్నే చేత పట్టుకున్నాం. మాకు లెక్క ఉంది.