కట్టేస్తే పరుగు ఆగుతుంది, కోరిక ఆగదు



ఈ వారం వీడియోలో భగవద్గీత రెండో అధ్యాయం 59వ శ్లోకం చెప్పుకున్నాం. ఇంద్రియాలకి మేత ఆపేసినవాడికి విషయాలు దూరమవుతాయి, కానీ వాటి మీద రుచి మాత్రం లోపలే ఉండిపోతుంది. అంతకన్నా గొప్పదాన్ని చూసినప్పుడే ఆ రుచి కూడా పోతుంది. ఇదీ దాని తాత్పర్యం. టైం సరిపోక వీడియోలో చెప్పని ఉదాహరణ ఒకటుంది. అది మా ఇంటి కుక్కది.

మా ఊరు పల్నాడు జిల్లా నడికుడి. గుంటూరు నుంచి సికింద్రాబాద్ వెళ్ళే రైలు మార్గంలో మాచర్ల లైను విడిపోయే జంక్షన్. మా ఇంట్లో ఒక నాటు కుక్క ఉంది, పేరు నల్లోడు. పోయినేడాది కళ్ళాల్లో మిర్చి ఆరబోసే రోజుల్లో నేను ఊరి నుంచే ఆఫీసు పని చేసుకుంటున్నా. అప్పుడే ఒక పిల్లి మా పాత వంటింటి అటక మీద మూడు పిల్లల్ని పెట్టింది. నాయనమ్మకి పిల్లి కావాలి, ఎందుకంటే కందుల బస్తాల దగ్గర ఎలుకలు. నల్లోడికేమో పిల్లి కనపడితే చాలు, నాపరాళ్ళ గోడ దూకి రోడ్డు మీదకి పరుగు. ఒకసారి లారీ కింద పడబోయి తప్పించుకున్నాడు. నాన్న తేల్చి చెప్పేశారు: "ఆ పిల్లలు అటక దిగేలోపు వీడు మారకపోతే పొలం దగ్గర వదిలేసి వద్దాం." అంటే మాకున్న గడువు ఓ నెల.

అందరూ చెప్పిన మొదటి ఉపాయం గొలుసు. రెండు రోజులు కట్టేశాం. నల్లోడు పరిగెత్తలేదు, నిజమే. కానీ రోజంతా అటక వైపే చూపు, మూలుగుడు, గొలుసు గుంజుడు. విప్పగానే అంతకుముందు కన్నా వేగంగా ఉరికాడు. నాయనమ్మ అంది: "కట్టేస్తే కుక్కకి బుద్ధి వస్తదంట్రా? మెడకి పుండు వస్తది గానీ." 59వ శ్లోకం మొదటి సగం ఇదే కదా! విషయం దూరమైంది, రుచి అక్కడే ఉంది.

కుక్క పిల్లిని తరిమేది ఆకలితో కాదు. కడుపు నిండా తిన్న కుక్క కూడా తరుముతుంది. చూడటం, చూపు నిలపడం, పొంచి వెళ్ళడం, తరమడం, పట్టడం: వేట అనేది వరసగా సాగే పని. అందులో తరమడమే కుక్కకి పెద్ద బహుమతి. పిల్లి దొరక్కపోయినా సరే, ప్రతి పరుగూ ఆ అలవాటుని ఇంకాస్త గట్టి చేస్తుంది. కొడితే ఏమవుతుంది? పిల్లి కనపడినప్పుడల్లా దెబ్బ పడుతుంది కాబట్టి పిల్లి మీద పగ కూడా తోడవుతుంది.

రెండో అధ్యాయంలోనే 62, 63 శ్లోకాల్లో కృష్ణుడు ఇలాంటి వరసే చెప్పాడు. ఒకదాన్నే తలుచుకుంటూ ఉంటే సంగం, దాంట్లోంచి కామం, కామంలోంచి క్రోధం, తర్వాత మోహం, స్మృతి పోవడం, బుద్ధి నశించడం. నల్లోడిని గమనిస్తే ఇదంతా కళ్ళ ముందే కనపడింది. ముందు చెవులు నిక్కుతాయి, నోరు మూసుకుంటుంది, ఒళ్ళు బిగుస్తుంది. ఆ తర్వాత పేరు పెట్టి ఎంత పిలిచినా వినపడదు. అంటే ఆపాల్సింది పరుగు దగ్గర కాదు, మొదటి చూపు దగ్గర.

అందుకని పొడుగు తాడు కట్టి, పిల్లి కనపడాలి కానీ మన మాట కూడా వినపడాలి, అంత దూరంలో కూర్చోబెట్టాం. మా వాడికి అది సుమారు ముప్పై అడుగులు. పిల్లిని చూసి మళ్ళీ నా వైపు తిరిగిన ప్రతిసారీ వెంటనే ఉడకబెట్టిన గుడ్డు ముక్క, ఒక మెచ్చుకోలు. తిరక్కపోతే తిట్టు లేదు, నాలుగడుగులు వెనక్కి జరిగేవాళ్ళం. పూటకి పది నిమిషాలు, రోజుకి రెండు పూటలు. కుదిరిన కొద్దీ కొంచెం కొంచెం దగ్గరికి.

ఆరో అధ్యాయం 26వ శ్లోకం ఇక్కడే అర్థమవుతుంది. చంచలమైన మనసు ఎక్కడెక్కడికి పోతుందో అక్కడక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోమన్నాడు స్వామి. ఎన్నిసార్లో లెక్క చెప్పలేదు. తిట్టమనీ చెప్పలేదు. పతంజలి యోగసూత్రాల్లో అభ్యాసం గట్టిపడటానికి మూడు షరతులున్నాయి: చాలాకాలం చేయాలి, మధ్యలో ఆపకూడదు, ఆదరంతో చేయాలి. మూడో వారంలో నేను గుంటూరు వెళ్ళిన రోజు ఎవరో తాడు విప్పేశారు, వాడు పిల్లిని వీధి చివరిదాకా తరిమాడు. మర్నాడు మళ్ళీ ముప్పై అడుగుల దగ్గర్నుంచి మొదలు. మధ్యలో ఆపకూడదని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది.

నెల దాటేసరికి పిల్లి గోడ మీద నడుస్తుంటే నల్లోడు లేచి, చూసి, మా వైపు తిరిగేవాడు. పిల్లలు అటక దిగాయి. నల్లోడు ఇంట్లోనే ఉన్నాడు. అయినా వాళ్ళని ఒంటరిగా కలిపి వదలం. ఎంత ప్రయత్నించే వివేకినైనా ఇంద్రియాలు బలవంతంగా లాక్కుపోతాయని తర్వాతి శ్లోకమే, అంటే 60వది, హెచ్చరించింది కదా.

మా పల్నాటికి దీనికి ఎదురు కథ కూడా తెలుసు. 12వ శతాబ్దంలో రెండు కోళ్ళ కోపాన్ని రెచ్చగొట్టి పందెం కాశారు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోయారు. చివరికి అది కారంపూడి యుద్ధభూమి దాకా వెళ్ళిందని వీరగాథ చెబుతుంది. జంతువుకి వేగం సహజం. దాన్ని రెచ్చగొట్టాలా, మళ్ళించాలా అన్నది పక్కనున్న మనిషి చేతిలో ఉంది. మనలోని జంతువుకి కూడా అంతే.

ఇప్పుడు మన సంగతి. కార్తీక మాసమని రీల్స్ యాప్ తీసేస్తాం, పోలి పాడ్యమి రాత్రికి మళ్ళీ ఎక్కించుకుంటాం. 41 రోజుల దీక్షలో ముట్టని సిగరెట్టు, మాల తీసిన మర్నాడు చేతిలో ఉంటుంది. తప్పు దీక్షది కాదు. దీక్షలో వద్దు అనేవి ఎన్ని ఉన్నాయో, చెయ్ అనేవీ అన్ని ఉన్నాయి: తెల్లవారుజామున స్నానం, భజన, శరణుఘోష, పదిమందితో కలిసి భిక్ష. ఆ గొప్ప రుచిని పక్కన పెట్టి నిషేధాలు మాత్రమే పట్టుకుంటే అది గొలుసు. గొలుసు 42వ రోజున విడిపోతుంది.

ఈ వారం ఒక్కటే సాధన. మిమ్మల్ని లాక్కుపోయే విషయం ఒకటి ఎంచుకోండి. మొదటి చూపు ఎక్కడ మొదలవుతుందో గమనించండి. ఆ క్షణంలో "వద్దు" అని ఊరుకోకుండా మనసుకి స్వామిని ఇవ్వండి: పదకొండు సార్లు నామం, లేదా మీకిష్టమైన ఒక కీర్తన. మనసు తిరిగి వచ్చినప్పుడు దాన్ని మెచ్చుకోండి. రాకపోతే నాలుగడుగులు వెనక్కి జరిగి మళ్ళీ పిలవండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.